పొలము బిడ్డ పాట

థాయి భాషలో రేడియోను ‘వితయు’ అందురు. ఆ మాటను ఒక్కసారి నెమ్మదిగా పలికి చూచినచో మన ‘విద్యుత్తు’ అందులో దాగియున్న సంగతి తెలియగలదు. రేడియో కేంద్రమునకు వారి పేరు ‘సథానీ వితయు’. స్థానము, విద్యుత్తు, రెండును మనవే. సంగీతమును వారు ‘దొన్‌త్రీ’ అందురు. అది ‘తంత్రి’ శబ్దము మారిన రూపము. ఆ దేశపటము తెరచినను ఇదే వింత. సుఫన్‌బురి యనగా సువర్ణపురి. నఖోన్ పథొమ్ అనగా ప్రథమ నగరము. చైనాత్ అనునది జయనాదము. దేశమునకు ఈశాన్యమున నున్న ప్రాంతమునకంతకును ‘ఈసాన్’ అనియే పేరు. దిక్కు పేరే దేశము పేరైనది.

అయితే మేము ఇచ్చట ముచ్చటింపబోవు పాటకు మాత్రము ఇట్టి సంస్కృతపు పేరు లేదు. దానిని ‘లూక్ థుంగ్’ అందురు. లూక్ అనగా బిడ్డ. థుంగ్ అనగా పొలము, బయలు. పొలము బిడ్డ యని చెప్పవచ్చును. రెండును ఆ నేల మాటలే. నాట్లు వేయు కూలివాని నోట పలుకునవి. దీనికి ఎదురు పేరు ‘లూక్ క్రుంగ్’, నగరపు బిడ్డ. 1950, 1960 దశకములలో గ్రామఫోను రికార్డులపై వెలువడిన ఈ పొలము బిడ్డ పాటలు ఈనాడు ప్రపంచమున పలుచోట్ల సేకరణకర్తలు వెదకి కొనుచున్న వస్తువులైనవి. వానిని ఏల వెదకుచున్నారు, అందులో ఏమి విననగును అనునదియే మా ప్రసంగ విషయము.

మొదట పాటనే విందము. సూది తగిలిన వెంటనే కరకరమను చప్పుడు. దాని వెనుక ఒక అకార్డియన్, రెండు మూడు బాకాలు, శాక్సఫోను, చేతాళముల చిన్న టింగుమను నాదము, రుంబా వంటి నడకలో డప్పులు. పాట మొదలు కాకమునుపు ఇది ఏ దేశపు సంగీతమో చెప్పుట కష్టము. ఏ హవానాలోని నాట్యశాలయో, ఏ సైనిక బ్యాండో యనిపించును. పిమ్మట గొంతు వచ్చును. గొంతు వచ్చిన క్షణముననే సందేహము తీరును.

ఆ గొంతులో రెండు గుణములున్నవి. ఒకటి ‘ఎవున్’. ఒక్క అక్షరమును పట్టుకొని పలు స్వరముల మీదుగా దానిని సాగదీసి, మెలిపెట్టి, చివరకు విడిచిపెట్టుట. రెండవది ‘లూక్ ఖో’. లూక్ అనగా బిడ్డయని చెప్పితిమి గదా. ఖో అనగా గొంతు. పదము చివర గొంతులో పుట్టు చిన్న వణకు అది. మన గమకమును ఎరిగిన చెవికి ఇవి కొత్తవి కావు, కాని రెండును ఒకటియని భ్రమింపరాదు. మన గమకము రాగమును చూపుటకు పుట్టినది. వారి మెలిక మాటను చూపుటకు పుట్టినది.

ఏలయన థాయి భాష స్వరభేదములు గల భాష. పలికెడు ఎత్తును బట్టి అర్థము మారును. అట్టి ఎత్తులు అయిదు గలవు. ‘ఖావ్’ అను మాటను పై నుండి క్రిందికి జార్చి పలికినచో అన్నము, వరి. అడుగున పలికినచో వార్త. క్రింది నుండి పైకి ఎత్తినచో తెలుపు. వరిచేనును గూర్చి పాట కట్టువాడు స్వరమును ఇష్టమువచ్చినట్లు నడపరాదు. నడపినచో వరి వార్త కావచ్చును. కావున ఆ భాషలో పాట కట్టుట యనగా మాట తనంతట తాను పోవు దారిని వెదకి, దాని ప్రక్కనే బాణీని నడిపించుట. బాణీ ఒక వంక, మాట మరియొక వంక లాగినచోట గాయకుడు ఆ చిన్న మెలికతో రెంటిని సంధిచేయును. వినువానికి అది అలంకారము. పాడువానికి అది అవసరము.

ఇంకొక సంగతి. ఈ గాయకులలో పలువురు రాజధానీ నగరపు ఉచ్చారణను అనుకరింపలేదు. సుఫన్‌బురి ప్రాంతపు యాసకు బ్యాంకాకులో పరిహాసము జరుగుట కద్దు. ఆ యాసయే రికార్డులోనికి ఎక్కినది. మన యొద్దను ఒక జిల్లా మాట వినిన వెంటనే ఇతర జిల్లాలవారు ముసిముసి నవ్వులు నవ్వుట అందరికి తెలిసినదే. ఆ నవ్వును లెక్కచేయక యాసను మైక్రోఫోను ముందుకు తెచ్చుట చిన్న సాహసము కాదు.

ఈ గొంతులు ఎచ్చట తయారైనవి? గాన కళాశాలలలో కాదు. మధ్య మైదానపు పల్లెలలో కోతల వేళలను, పండుగలందును స్త్రీపురుషులు రెండు పక్షములై ఒకరినొకరు దెప్పిపొడుచుకొనుచు ఆశువుగా పాడు పాటలున్నవి. ఈ-సేవ్, లమ్ తత్ అనునవి ఆ తెగలోనివి. లికే అను వీథినాటకము కలదు. బౌద్ధ దేవాలయములలో వెస్సంతర జాతకమును భిక్షువు రాగయుక్తముగా వినిపించు ఆచారము కలదు. దానములో తన బిడ్డలనే ఇచ్చివేసిన రాకుమారుని కథ అది. ఆ కథనపు ఫణితినుండి ‘లే’ అను పాటపద్ధతి పుట్టినది. మన హరిదాసు కథ చెప్పుచు చెప్పుచు పాటలోనికి జారిపోవు తీరును తలచుకొనినచో కొంత పోలిక దొరకును. వైఫోత్ ఫెత్‌సుఫన్ అను సుఫన్‌బురి గాయకుడు ఈ ‘లే’ పద్ధతికి ప్రసిద్ధుడు. ఫోన్ ఫిరోమ్ అను వేరొకడు లికే రంగస్థలము నుండి వచ్చినవాడు.

రికార్డుల కథ ఇంతకంటె పాతది. 1902 చివర కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ పాటలు పట్టిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ బృందమే ఆ పర్యటనలో జపాను, చీనా దేశములు తిరిగి 1903లో బ్యాంకాకు చేరి అచ్చటి సంగీతమును కూడ పట్టినది. ఆనాటి పళ్లెములు మైనపువి కావు, లక్కవి. థాయిలు ఆ పాత రికార్డును ‘ఫేన్ ఖ్రంగ్’ అందురు. ఖ్రంగ్ అనగా లక్క. మన అడవులలోను, వారి అడవులలోను చెట్లకొమ్మలపై పురుగులు పెట్టిన లక్కయే, ఖనిజపు పొడి కలిసి, నిమిషమునకు 78 తిరుగుళ్లు తిరుగు నల్లని పలకయైనది. గాజువలె పగులును. పది అంగుళముల పలకపై ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు మించి పట్టదు. ఈ మూడు నిమిషముల కొలత మీద శ్రోతలు దృష్టి నిలుపవలెను. పల్లెలో తెల్లవారువరకు సాగు వాదులాట పాట, ఈ కొలతలో ఇముడుటకై పల్లవి, రెండు చరణములు, మధ్యన బాకాల ముక్తాయింపుగా కుదించుకొని పోయినది. రికార్డు పల్లెపాటను భద్రపరచలేదు. దానిని మరియొకటిగా చేసినది. ఇది నష్టమని కొందరందురు. మేము అట్లు తలంపము. మూడు నిమిషములలో తన బ్రదుకు చెప్పుకొనవలసిన మనిషి మాటలు ఎంచుకొని మాటలాడును.

బ్యాంకాకులో రేడియో ప్రసారము 1930 దశకపు ఆరంభమున ఫయాథాయ్ ప్రాసాదము నుండి ఆరంభమైనది. 1939లో ప్రభుత్వ ప్రచార శాఖ యొక్క వాద్యబృందము వెలసినది. తరువాత ఆ శాఖకు వచ్చిన పేరు ‘ప్రచాసంఫన్’, అనగా ప్రజాసంబంధము. ఆ బృందమును నడిపిన ఎవ సున్థోన్‌సనాన్ గొప్ప సంగీతవేత్త. ‘సున్థరాఫోన్’ అను పేర ఆయన బృందము పాడిన పాటలు మృదువైనవి, మర్యాదగలవి, నాట్యశాలకు తగినవి. నగరపు బిడ్డ పాటకు ప్రభుత్వపు వేదిక, జీతము, ప్రసారయంత్రము దొరికినవి. పొలము బిడ్డకు అప్పటికి పేరు కూడ లేదు.

అయినను పుట్టుక మాత్రము రేడియోలోనే జరిగినదని చెప్పుదురు. 1938లో ‘సావ్ చావ్ రై’, అనగా ‘సేద్యగత్తె’, అను రేడియో నాటకము ప్రసారమైనది. దానికొరకు హేమ్ వేచకోన్ ఒక పాట వ్రాసెను. ఈయన వృత్తిచే చిత్రకారుడు. చవుక నవలల ముఖచిత్రములకు, దయ్యాల కథలకు పేరుమోసినవాడు. పాడినవాడు ఖమ్రోన్ సంబున్నానోన్. ఆ పాటనే తొలి పొలము బిడ్డ పాటగా థాయి చరిత్రకారులు లెక్కింతురు. 1989లో ఈ సంగీతమునకు అర్ధశతాబ్ది ఉత్సవము జరిపినపుడు వారు ఎంచుకొనిన తొలిమెట్టు ఆ కాలమే. ఒక నాటకమున ఒక సన్నివేశము కొరకు కట్టిన పాట, సన్నివేశము మరుగుపడిన తరువాత కూడ నిలిచినది. రేడియో నాటకములు వ్రాయు మిత్రులు దీనిని గమనింతురు గాక.

యుద్ధానంతరము ఇట్టి పాటలు పెరిగినవి. వానిని ‘ఫ్లేంగ్ తలాత్’ అనిరి. సంతపాట. ఆ పేరులో చులకన దాగియున్నది. ఇంకొందరు ‘ఫ్లేంగ్ చీవిత్’, జీవితపు పాట, అనిరి. చీవిత్ అనునది మన జీవితమే. ఈ పాటలలోని మనుష్యులు పంట ధర పడిపోయిన రైతులు, సైన్యమునకు పోవు బంట్రోతు కుర్రవాండ్రు, రాజధానిలో మూడుచక్రాల రిక్షా తొక్కువారు.

ఈ దశలో మేము ఒక రచయితను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఫైబూన్ బుత్‌ఖన్. 1918లో పథుమ్‌థానీలో పుట్టినాడు. పథుమ్ అనగా పద్మము. వయసులోనే ఆయనకు కుష్ఠువ్యాధి సోకినది. ఆ వ్యాధిగ్రస్తునకు ఆనాటి సంఘములో ఎట్టి స్థానముండెనో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన వ్రాసెను, ఇతరులు వేదికలెక్కి పాడిరి. తల్లిపాల ఋణమును గూర్చి ఆయన వ్రాయగా చాన్ యెన్‌ఖే పాడిన పాట ఆ దేశమున నేటికిని తల్లిని తలచుకొను దినములందు వినబడును. ‘బురదవాసన, దున్నపోతు కంపు’ అను అర్థము గల పేరుతో ఆయన వ్రాసిన మరియొక పాట, ఆ వాసనను చూచి ముక్కు మూసికొనువారితో మాటలాడును. ఆ వాసన గలవాని చెమటయే వారి కంచములోని అన్నమని దాని భావము. మనుష్యులు దగ్గరకు రానీయని మనిషి ఇట్టి పాట వ్రాయుట విన్నప్పుడు, ఇందులో రైతు ఎవరో, కవి ఎవరో విడదీయుట సాధ్యము కాదు. ఆయన 1972లో కన్నుమూసెను.

పేరు పెట్టినది మరల ప్రసారసంస్థయే. 1964 మే 1న బ్యాంకాకులోని నాలుగవ చానెలు టెలివిజనులో ‘ఫ్లేంగ్ లూక్ థుంగ్’ అను కార్యక్రమము మొదలైనది. ఆ సంస్థలో పెద్దయైన చమ్నోంగ్ రంగ్‌సికున్ ఈ పేరును పెట్టినవాడు. సంతపాట యన్నచో వినుటకు సిగ్గుపడిన మర్యాదస్థులు, పొలము బిడ్డ యనగానే విన్నారు. పాట మారలేదు, చీటీ మారినది. అదే యేడు రాజు చేతుల మీదుగా బంగారు రికార్డు బహుమానములు తొలిసారి ఈయబడినవి. అందుకొనిన వారిలో సోమ్‌యోత్ థత్సనఫన్ అను పొలము బిడ్డ గాయకుడును ఉండెను.

ప్రసారవృత్తిలోనున్న మాకు ఈ కథ వినినప్పుడు మన యింటి ముచ్చట ఒకటి గుర్తుకు రాకమానదు. 1952 ప్రాంతమున మన రేడియో సినిమా పాటలను తగ్గించివేయగా, శ్రోతలు ముల్లు త్రిప్పి సిలోను కేంద్రమును పట్టుకొనిరి. అయిదేండ్లకు, 1957 అక్టోబరులో, వివిధభారతి వచ్చి వారిని మరల ఇంటికి పిలిచినది. ఏది వినదగినది, ఏది కాదు అను తీర్పు ప్రసారకేంద్రములో కూర్చున్నవారు చెప్పగలరు. కాని ముల్లు శ్రోత చేతిలో నుండును. థాయి దేశమున ఆ ముల్లు త్రిప్పినది ట్రాన్సిస్టరు. అది చవుకై పొలముగట్ల మీదికి చేరిన తరువాత, ఎవరి కొరకు పాడవలెనో పాటగాండ్రకు తెలిసినది.

ఆ పాటగాండ్రకు రాజు సురఫోన్ సొంబత్‌చరోన్. థాయి లిపిలో ఆయన పేరు వ్రాసినపుడు ‘సురబల’ యని అక్షరములు కనబడును. 1930లో సుఫన్‌బురిలో పుట్టి, వైమానిక దళమున చేరి, అచ్చటి వాద్యబృందములో పాడుచు పైకి వచ్చినాడు. ఈ రికార్డులలో వినబడు బాకాల బింకమునకు మూలము అచ్చట కలదు. సైన్యపు బ్యాండులో నేర్చిన వాద్యములు, పల్లెలో నేర్చిన గొంతు. ఆయన తొలినాటి గెలుపు ‘లావ్ వియెంగ్ కన్నీరు’ అను అర్థము గల పాట. లావ్ వియెంగులు అనగా వియెంటియాన్ నుండి పూర్వము బందీలుగా కొనిరాబడి మధ్య మైదానములో స్థిరపడిన లావో జనుల సంతతివారు. రాజధాని పాటలలో చోటులేని ఒక జాతి పేరు రికార్డు చీటీ మీదికి ఎక్కినది. ‘సువన్ తేంగ్ పిల్ల’ యనునది మరియొకటి. సువన్ తేంగ్ ఆయన సొంత జిల్లాలోని ఊరు. ఊరి పేరుతో పాట వచ్చినదన్నచో ఆ ఊరిలో ఎంత కోలాహలమో ఊహించుకొనవచ్చును.

ఆయనకు హాస్యము కూడ బాగుగా అబ్బినది. గొంతు మార్చి, యాస మార్చి, చీనా వర్తకుని వలెను, బుంగమూతి పెట్టిన ప్రేమికుని వలెను పాడగలడు. కాని మా చెవికి ఆయన విషాదగీతములే మేలు. గొంతు లోపలికి పోయి, మాట చివర ఆ చిన్న వణకు వినబడునపుడు, బాకాలు ఊరకుండును. ఎప్పుడు ఊరకుండవలెనో తెలిసిన బ్యాండు అది.

1968లో ఆయన పాట ఒకటి దేశమంతట మోగుచుండెను. దాని పేరునకు అర్థము ‘గడచిన పదునారేండ్లు’. ఆగష్టు 16న నఖోన్ పథొమ్ ప్రాంతమున ప్రదర్శన ముగించి బయలుదేరిన సురఫోన్‌ను ఎవరో కాల్చిచంపిరి. ఆయనకు 37 ఏండ్లు. హంతకులెవరో తేలలేదు. పాటలోని పదునారును, తేదీలోని పదునారును జనులు ముడిపెట్టి చెప్పుకొనిరి. అట్టివి జనులు ముడిపెట్టుదురు. ఆయన బృందములో కొంతకాలము పాడి, జంటపాటలలో ఆయనకు దీటుగా నిలిచిన ఫోంగ్‌సీ వొరనుత్ పొలము బిడ్డల రాణియని పేరొందినది. చైనాత్ జిల్లా పిల్ల. ఆమె గొంతులో ఏడుపు తక్కువ, నిలకడ యెక్కువ. మొదటిసారి వినువారికి మేము ఆమె రికార్డులనే ముందు చెప్పుదుము.

1970లో ‘మొన్‌రక్ లూక్ థుంగ్’ అను చలనచిత్రము వచ్చినది. మొన్ అనగా మంత్రము, ప్రేమమంత్రమని పేరు. మిత్ర్ చైబంచా, ఫెచ్చరా చవరాత్ నాయికానాయకులు. చిత్రము బ్యాంకాకులో ఆరు నెలలు ఆడినది. టైటిలు పాట ఫైబూన్ బుత్‌ఖన్ వ్రాసినదే. సంతపాట యని ముఖము త్రిప్పుకొనిన నగరము టిక్కెట్టు కొనుక్కొని వరుసలో నిలుచుండెను. ఆ సంవత్సరమే అక్టోబరు 8న వేరొక చిత్రము తీయుచుండగా హెలికాప్టరు నిచ్చెన నుండి పడి మిత్ర్ మరణించెను.

ఇంతవరకు మధ్య మైదానపు కథ. ఈశాన్యపు కథ వేరు. అచ్చటి జనులు లావో భాష మాటలాడుదురు. వారి గానము ‘మొలమ్’. వెదురుగొట్టములను జతకూర్చి చేసిన ‘ఖేన్’ అను నోటివాద్యము దానికి ప్రాణము. ఊపిరి లోపలికి తీసినను, బయటికి విడిచినను అది పలుకును. అందుచే నాదము తెగదు. ఈ వాద్యముపై జనులకు గల మోజు చూచి, సయాము రాజు మొంగ్‌కుత్ 1865లో దానిని నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. థాయి వినోదములు మూలబడుచున్నవని రాజు బాధ. నూరేండ్ల తరువాత ఆ ఖేన్ బాణీలు ఎలక్ట్రిక్ గిటారుతో, ఆర్గనుతో కూడి రికార్డులపై వచ్చినవి. వియత్నాము యుద్ధకాలమున ఉదోన్‌థానీ, ఉబోన్, నఖోన్ ఫనోమ్ మొదలగు ఈశాన్యపు పట్టణములలో అమెరికను విమానదళముల స్థావరములుండెను. అచ్చటి పానశాలలలో రాక్ సంగీతము మ్రోగినది. పగలు ఖేన్ విన్న కుర్రవాడు రాత్రి గిటారు విన్నాడు. సురిన్ ఫాక్‌సిరి అను స్వరకర్త 1970 దశకపు ఆరంభమున అంగ్‌ఖనాంగ్ ఖున్‌చై చేత పాడించిన ‘ఈసాన్ లమ్ ఫ్లోన్’ అను పాట పొలము బిడ్డ పాటకును, మొలమునకును పెండ్లి చేసినది.

ఈ సంగీతమునకు మన దేశముతోను చుట్టరికము కలదు. హిందీ చిత్రములు థాయి దేశమున విరివిగా ఆడినవి. ‘మదర్ ఇండియా’కు వారు పెట్టిన పేరు ‘థోరనీ కన్‌సేంగ్’. ధరణి విలపించుచున్నదని అర్థము. పేరు పెట్టినవాడు చిత్రమును బాగుగా చూచినవాడని మా నమ్మకము. మద్రాసు నిర్మాత చిన్నప్ప తేవర్ తీసిన ‘హాథీ మేరే సాథీ’ కూడ అచ్చట జనమెరిగిన చిత్రము. ఇట్టి చిత్రముల బాణీలకు థాయి మాటలు పొదిగి పలు రికార్డులు తీసిరి. అయిదు ఎత్తుల భాషలోనికి మన బాణీని దింపుట ఎంత కష్టమో పైన చెప్పితిమి. దింపినపుడు బాణీ వంగును. హిందీ బాణీలను తెలుగులోనికి తెచ్చుకొనుట మనకును అలవాటే గనుక, అట్టి పాట వినినపుడు ఎక్కడ వంగినదో పట్టుకొనుట మన శ్రోతలకు మంచి వినోదము.

ఇన్ని దేశముల సరుకు కలిసిన దానిని పల్లెపాట యనవచ్చునా? ఈ ప్రశ్న థాయి పండితులును వేసిరి. మా సమాధానమిది. పల్లె ఎన్నడును గోడ కట్టుకొని కూర్చుండలేదు. కుర్రవాడు సైన్యమునకు పోయి బాకా నేర్చుకొనెను, పట్టణమునకు పోయి సినిమా చూచెను, తిరిగి వచ్చి దేవాలయపు తిరునాళ్లలో పాడెను. వానివెంట వచ్చిన ప్రతిదియు పల్లెదే.

ఇక రికార్డుల గతి. 1960 దశకములో లక్కపలక పోయి, వినైలుతో చేసిన ఏడు అంగుళముల 45 తిరుగుళ్ల పలక వచ్చినది. చిన్న చిన్న సంస్థలు లెక్కకు మిక్కిలిగా వెలసి, కొన్ని పాటలు అచ్చువేసి, మూతబడినవి. 1970 దశకము చివరకు క్యాసెట్టు పలకను తరిమివేసినది. పొలము బిడ్డలలో అందరికంటె పెద్ద పేరు గడించిన ఫుమ్‌ఫువంగ్ దువంగ్‌చన్ ఆ క్యాసెట్టు యుగపు గాయని. 1961లో పుట్టినది, చెరకుతోటల కూలీల బిడ్డ, చదువబడిలో నిలువలేదు. పాటలన్నియు విని, కంఠస్థము చేసి పాడినది. 1992 జూన్ 13న, ముప్పది యొకటవ యేడు నిండకముందే, లూపస్ వ్యాధితో మరణించినది. సుఫన్‌బురిలో జరిగిన దహనసంస్కారమునకు రాకుమారి సిరిన్‌థోన్ వచ్చినది. ఆ దేవాలయములో ఆమె ప్రతిమల ఎదుట జనులు ఈనాటికిని మ్రొక్కుకొందురు.

క్యాసెట్టు వచ్చిన పిదప పాత పలకలను భద్రముగా దాచినవారు తక్కువ. ఉక్కపోత, వానకాలపు తేమ, ఇంటింటి మొండిసూది వానిని తినివేసినవి. అందులోను ఒక విపరీతమున్నది. జనులు మిక్కిలి ప్రేమించిన పాటయే మిక్కిలి అరిగిపోయినది. ఎవరికిని పట్టని పాట క్రొత్తదిగా మిగిలినది. చాల పాటలకు స్టూడియో టేపులు దొరకక, తిరిగి ముద్రించువారు పలకలనుండియే ధ్వనిని తీసికొనవలసి వచ్చినది. ఆ కరకరలను పూర్తిగా తుడిచివేయబోయినచో చేతాళముల టింగుమను నాదము, గొంతు చివరి వణకు కూడ వానితో పోవును. కొంత చప్పుడు ఉండనిచ్చుటయే మంచిదని ఈ పనిలో చేయి తిరిగినవారి మాట.

2010లో లండనులోని సౌండ్‌వే సంస్థ ‘ది సౌండ్ ఆఫ్ సయాం’ అను సంకలనమును వెలువరించెను. దానిని కూర్చినవారు క్రిస్ మెనిస్ట్ అను ఆంగ్లేయుడును, బ్యాంకాకులో జుద్‌రంగ్‌మా అను రికార్డుల సంస్థ నడుపుచున్న మాఫ్త్ సాయ్‌యును. 1964 నుండి 1975 వరకు వచ్చిన పాటలు అందులో కలవు. దానితో లోకమునకు ఈ సంగీతము తెలిసినది. బ్యాంకాకు యువకులును తమ తాతలనాటి పాటకు నాట్యమాడసాగిరి. మంచిపనియే. కాని మాకొక చిన్న అభ్యంతరము కలదు. ఇట్టి సంకలనములకు ఎక్కునవి నాట్యమునకు పనికివచ్చునవి, గిటారు గిలిగింతలు గలవి, విదేశీయుని చెవికి విచిత్రముగా తోచునవి. అకార్డియన్ మెల్లగా మూలుగుచుండగా ఊరి పిల్లను తలచుకొని ఒక కూలివాడు పాడు నిదానపు పాటలకు వానిలో చోటు తక్కువ. అయినను ఆ దేశపు పల్లెలు అరగదీసిన పలకలు ఆ నిదానపు పాటలవే.

కొనదలచినవారికి చివరగా ఒక హెచ్చరిక. పేరుమోసిన గాయకులు పలువురు తమ పాత పాటలను 1980 దశకమునను, తరువాతను మరల పాడి రికార్డు చేయించిరి. అట్టపై పాత ముఖమే యుండును. లోపల బాకాలకు బదులు మీటల యంత్రము మ్రోగును. యాస కూడ కొంత సాపు తీరియుండును. పరీక్షింపదలచినచో తొలి బాకాలను, డప్పును వినవలెను. గది గాలి వినబడినచో అది పాతది. సురఫోన్ పాటలందు గొంతును గూర్చి మాత్రము ఈ చిక్కు లేదు. వెనుకటి వాద్యములను ఎవరేమి మార్చినను, ఆయన గొంతు వినబడిన ప్రతిచోటను అది 1968 ఆగష్టునకు ముందటిదే.